వెలుగు ఎటు నుంచి పడింది?

మా ఊళ్లలో మనిషి పోయాక ఫోటో కోసం వెతుకులాట మొదలవుతుంది. గోడకు పెట్టడానికి ఒక ముఖం కావాలి. ఇంట్లో దొరికేది రేషన్ కార్డు మీద గోరంత బొమ్మ, లేదంటే ఆధార్ కార్డు మీది బొమ్మ. దాన్ని పట్టుకుని పట్నంలో స్టూడియోకు పోతే, కంప్యూటర్‌లో పెద్దది చేసి, ముఖం తెల్లగా చేసి, మెడ కింద ఎవరిదో కోటు అతికించి, వెనక నీలం రంగు పోసి చేతికిస్తారు. మాలో ఒకరి తాత ఫోటో అట్లాగే వచ్చింది. తలపాగా తీసేసి జుట్టు పెట్టారు. వేరే లేదు గనక ఇంట్లోవాళ్లు దాన్నే గోడకు పెట్టారు. ఏడాది తర్వాత చిన్న మనవరాలు దాన్ని చూసి “ఈయన ఎవరు?” అని అడిగింది.

మేం వెలుతురు నేర్చుకోవాలని అనుకున్నది ఆ ప్రశ్న విన్నాకే. మేం నలుగురం. ఇద్దరు గోండులు, ఒక కోయ, ఒక కొలాం. రాసేవాళ్లమే తప్ప ఫోటోలు తీసేవాళ్లం కాదు. మాకు ఒక పద్ధతి దొరికింది. పాత ఫోటో ఒకటి ముందు పెట్టుకోవాలి. అందులో ముఖం మీద వెలుగు ఎట్లా పడిందో మన గదిలో మన మనిషి ముఖం మీద అచ్చం అట్లాగే పడేట్టు చేయాలి. కుదిరేదాకా మళ్లీ మళ్లీ తీయాలి. ప్రపంచంలో చాలామంది స్టూడియో లైటింగు ఇట్లాగే నేర్చుకుంటారు. హాలీవుడ్ తారల ఫోటోలు తీసిన జార్జ్ హరెల్ నీడలను ఇప్పటికీ కాపీ చేస్తూ నేర్చుకునేవాళ్లున్నారు. అయితే మేం కాపీ చేయడానికి తీసుకున్న పాత ఫోటోల్లో మా వాళ్లున్నారు. అందుకని అది మాకు చేతిపని దగ్గర ఆగలేదు.

మూతపడిన ఒక దుకాణాన్ని నెలకు అద్దెకు తీసుకున్నాం. ఒక ఎల్‌ఈడీ లైటు, ఒక తెల్ల థర్మోకోల్ అట్ట, రెండు మీటర్ల బటర్ పేపరు, ఒక నల్ల గొంగడి. ఇదే మా స్టూడియో. లైటు ముందు బటర్ పేపరు కడితే వెలుగు మెత్తబడుతుంది. థర్మోకోల్ అట్ట నీడవైపు కొంచెం వెలుగు తిప్పి పంపుతుంది. గొంగడి పెడితే ఆ వెలుగును మింగేసి నీడను చిక్కన చేస్తుంది. కెమెరా ఒక మిత్రుడిది.

మొదట కాపీకి తీసుకున్నవి రాజుల ఫోటోలు. హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న లాలా దీన్‌దయాళ్ స్టూడియో సికింద్రాబాద్‌లో ఉండేది. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా పెట్టాడు. అక్కడ ఫోటో తీసేది కూడా స్త్రీయే. కరెంటు దీపాలు రాని ఆ రోజుల్లో స్టూడియోలు పగటి వెలుతురు మీదే నడిచేవి. గాజు కప్పు, గాజు గోడ, వాటి మీద జరిపే తెరలు. ఏ తెర ఎంత లాగాలో తెలియడమే ఆ పనిలో సగం.

పాత ఫోటోలో వెలుతురును చదవడానికి మేం నాలుగు చోట్లు పట్టుకున్నాం. మొదటిది కన్ను. కంటిపాపలో మెరిసే తెల్ల చుక్క కిటికీ ఆకారాన్ని, అది ఏ వైపున్నదీ చెబుతుంది. రెండోది ముక్కు నీడ. అది కిందికి సాగితే వెలుగు ఎత్తున ఉంది, పక్కకు సాగితే పక్కన ఉంది. మూడోది గడ్డం కింది నీడ అంచు. కత్తితో కోసినట్టు ఉంటే వెలుగు చిన్నది, లేదా దూరంగా ఉంది. పొగలాగా కరిగిపోతే పెద్దది, దగ్గరగా ఉంది. నాలుగోది మనిషి వెనక తెర. అది ముఖం కన్నా చీకటిగా ఉందా, వెలుగ్గా ఉందా అన్నది వెనక్కి ఎంత వెలుగు చేరిందో చెబుతుంది. లైటు రెండింతల దూరం జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. లైటును ముఖానికి దగ్గరగా పెట్టి మనిషిని తెరకు దూరంగా కూర్చోబెడితే తెర దానంతటదే చీకటిలోకి పోతుంది. ఈ లెక్క పుస్తకంలో చదివినప్పుడు మాకు ఎక్కలేదు. రాజుగారి వెనక చీకటిని తెప్పించాలని మూడు సాయంత్రాలు తంటాలు పడ్డాక ఎక్కింది.

రాజు కుర్చీలో మాలో ఒకరు కూర్చున్నారు. నల్లటి ముఖం, ఎడమ పక్క నుంచి మెత్తని వెలుగు, చెంప ఎముక మీద పొడుగాటి మెరుపు. ఆ ఫోటో చూసి మేం కాసేపు మాట్లాడలేదు. నల్లని చర్మం ఫోటోకు నప్పదని, మేకప్ వేస్తే తప్ప రాదని స్టూడియోల్లో విని విని మేమూ నమ్మాం. నిజానికి నల్లని చర్మం ముఖం ఆకారాన్ని మెరుపుతో చూపిస్తుంది. దానికి కావలసింది కళ్లు మిటకరించేంత వెలుగు కాదు, పక్క నుంచి వచ్చే వెడల్పాటి వెలుగు. ఇంకో సంగతీ తెలిసింది. కెమెరా తన లెక్క తాను వేసుకున్నప్పుడు ఎదురుగా తెల్ల ధోవతి, తెల్ల తలపాగా ఉంటే వెలుగు ఎక్కువైందని అనుకుని మొత్తం తగ్గిస్తుంది. ముఖం బొగ్గవుతుంది. కొలత ముఖం మీద తీసుకుంటే చాలు. మా తాతల ఫోటోలు నల్ల మచ్చల్లా వచ్చింది చర్మం వల్ల అనుకున్నాం. ఎవరూ కొలత ముఖం మీద తీసుకోకపోవడం వల్ల.

ఆ తర్వాత రాజుల ఫోటోలు పక్కన పెట్టి, అదే కాలంలో మా లాంటివాళ్లకు తీసిన ఫోటోలు తీసుకున్నాం. 1868 నుంచి 1875 దాకా లండన్‌లో ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు వచ్చాయి. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకులు. నాలుగు వందలకు పైగా ఫోటోలు. చాలావాటి కింద మనిషి పేరు ఉండదు, తెగ పేరు ఉంటుంది. పక్కన ఆ తెగ గుణగణాల మీద తీర్పు ఉంటుంది. 1869లో జాన్ లాంప్రే అనే ఆయన మనుషులను ఫోటోలో కొలవడానికి ఒక పద్ధతి చెప్పాడు. రెండంగుళాల గళ్లు వచ్చేట్టు దారాలు కట్టిన చట్రం ముందు మనిషిని బట్టలు లేకుండా నిలబెట్టడం. ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కకు. మద్రాసు మ్యూజియం నడిపిన ఎడ్గార్ థర్‌స్టన్ తలలు, ముక్కులు కొలిచే పరికరాలు వెంటబెట్టుకుని తిరిగాడు. 1909లో ఆయన, రంగాచారి కలిసి తెచ్చిన ఏడు సంపుటాల ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లో మన తెగలున్నాయి. మన గురించి రాసే చాలామంది నేటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఈ రకం ఫోటోను కాపీ చేయడం చాలా సులువు. అదే మమ్మల్ని కలవరపెట్టింది. రాజు ఫోటోకు మూడు సాయంత్రాలు పట్టింది. ‘రకం’ ఫోటోకు పది నిమిషాలు చాలింది. లైటు ఎదురుగా పెట్టాలి, వెనక తెర కట్టాలి, మనిషిని నిలబెట్టాలి. నీడ పడకూడదు, ఎందుకంటే నీడ పడితే కొలత చెడుతుంది. ముఖంలో లోతు పోతుంది. చెంప, నుదురు, గడ్డం ఒకే మట్టానికి వస్తాయి. కళ్లు చిట్లుతాయి. రాజుకూ మనకూ మధ్య తేడా చర్మంలో లేదు, కెమెరాలో కూడా లేదు. ఒకరి కోసం తెర జరిపారు, ఒకరి కోసం జరపలేదు. అంతే. ఒక ముఖం కోసం ఎంతసేపు కష్టపడ్డారన్నది ఆ ముఖం నీడలోనే రాసి ఉంటుంది.

ఇంకో రెండు పరీక్షలు చేశాం. పాత గాజు పలకల మీద పూసే మందుకు నీలం వెలుగు బాగా తెలుస్తుంది, ఎరుపు దాదాపు తెలియదు. మేం ఒక రంగుల ఫోటో తీసి, కంప్యూటర్‌లో నీలం భాగం ఒక్కటే ఉంచి నలుపు తెలుపు చేశాం. పసుపు రాసుకున్న చెంపలు మసిబారాయి. కుంకుమ బొట్టు నల్ల రంధ్రమైంది. గోధుమ రంగు చర్మం ఉన్నదానికన్నా రెండు మూడు వంతులు ముదిరింది. నీలం పూసలు తెల్లబడ్డాయి. అంటే ఆ పాత ఫోటోల్లో పండుగకు పసుపు రాసుకొని వచ్చిన మనిషి కూడా మసి పూసుకున్నట్టే కనిపిస్తుంది. నలుపు తక్కువని మేం అనడం లేదు. ఆ పలక చూడలేకపోయినదాన్ని మా రంగుగా, మా స్వభావంగా రాసుకున్నారని అంటున్నాం.

రెండో పరీక్ష కదలకుండా కూర్చోవడం. ఆనాటి ఫోటోకు కొన్ని సెకండ్లు పట్టేది. కదలకుండా తల వెనక ఇనుప కొక్కెం పెట్టేవారు. మేం ఆరు సెకండ్లు పెట్టుకున్నాం. నవ్వుతూ కూర్చున్న మనిషి నాలుగో సెకండుకు నవ్వు మోయలేక వదిలేశాడు. ఆరో సెకండుకు మాకు దొరికిన ముఖం పుస్తకాల్లోని ముఖమే. బిగుసుకున్న దవడ, ఎటో చూస్తున్న కళ్లు. ‘మొరటువాళ్లు, అనుమానపు చూపువాళ్లు’ అని మన మీద పడిన మాటల్లో ఎన్ని ఆ ఆరు సెకండ్ల నుంచి పుట్టాయో.

ఇక్కడిదాకా వచ్చాక మాకో తీర్మానం దొరికిందనుకున్నాం. రాజు వెలుగు మన వాళ్లకు తెచ్చిపెడితే చాలు, న్యాయం జరిగినట్టే. ఈ తీర్మానాన్ని చెడగొట్టింది ఎడ్వర్డ్ కర్టిస్.

అమెరికాలో కర్టిస్ 1907 నుంచి 1930 దాకా అక్కడి ఆదిమ తెగల మీద ఇరవై సంపుటాలు తెచ్చాడు. సియాటిల్‌లో పోర్ట్రెయిట్ స్టూడియో నడిపినవాడు, వెలుతురు బాగా తెలిసినవాడు. ఆ ముఖాల మీద మెత్తని వెలుగు, లోతైన నీడ. మేం కాపీ చేయాలని తహతహలాడినవి అవే. కానీ 1910లో పీగన్ తెగవాళ్ల గుడారంలో తీసిన ఒక ఫోటోలో ఇద్దరు మనుషుల మధ్య ఒక గడియారం ఉంది. అచ్చులో ఆ గడియారాన్ని చెరిపేశాడు. గడియారం ఉంటే వాళ్లు ఆయనకు కావలసినంత పాతకాలం మనుషులు కారు. వాళ్లను అంతరించిపోతున్న జాతిగా చూపాలన్నది ఆయన ఉద్దేశం. వెలుతురు అద్భుతంగా ఉంది, అబద్ధం కూడా అంతే అందంగా ఉంది. అందమైన వెలుగు పడినంత మాత్రాన మనిషికి గౌరవం దక్కినట్టు కాదని అక్కడ తెలిసింది. మనకు దూరం పోనక్కర్లేదు. అరకు దారిలో గిరిజన వేషం అద్దెకు కట్టుకుని ఫోటోలు దిగే పర్యాటకులున్నారు. ఆ ఫోటోల్లోనూ వెలుతురు బాగానే ఉంటుంది. లేనిది మేమే.

పాత ఫోటోలను మళ్లీ తీయడమే కళగా చేసినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల, ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీ కలిసి 2000 నుంచి 2004 దాకా ‘నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా’ అనే వరుస చేశారు. రవివర్మ లక్ష్మి దగ్గర నుంచి సినిమా స్టిల్ దాకా, పోలీసు ఫోటో దాకా, కొలత గళ్ల ముందు నిలబెట్టిన గిరిజన స్త్రీ దాకా అన్ని వేషాలూ పుష్పమాలే కట్టారు. తెర, వస్తువులు, వెలుతురు అన్నీ మూలంలో ఉన్నట్టే తెప్పించారు. ‘సహజం’ అని మనం నమ్మిన ప్రతి ఫోటో వెనకా ఒక కట్టుడు ఉందని ఆ పని బయటపెట్టింది. దాని విలువ మేం తగ్గించం. అయినా మాకొక అసంతృప్తి మిగిలింది. గళ్ల ముందు నిలబడాలని పుష్పమాల తానే ఎంచుకున్నారు, ఫోటో అయిపోయాక గళ్ల ముందు నుంచి నడిచి వెళ్లారు. మూలంలో నిలబడ్డ స్త్రీకి ఆ రెండూ లేవు. చూసేవాడి చూపును ఆ వరుస ప్రశ్నించింది, చూడబడిన మనిషి మాత్రం ఇంకా పేరు లేకుండానే ఉంది.

ఆ లోటును పట్టుకున్నది విల్ విల్సన్ అని మాకు అనిపించింది. బయటివాళ్లు నవాహో అని పిలిచే డినే జాతివాడు. 2012లో న్యూ మెక్సికోలో మొదలుపెట్టి, కర్టిస్ కన్నా పాతదైన తడి పలక పద్ధతిలోనే తన వాళ్లకూ ఇతరులకూ ఫోటోలు తీస్తున్నాడు. ఎవరు ఎట్లా కూర్చోవాలో, ఏం పట్టుకోవాలో వాళ్ల ఇష్టం. అయిపోయాక అసలు రేకు ఫోటో కూర్చున్నవాళ్లకే ఇచ్చేస్తాడు. తన దగ్గర స్కాన్ కాపీ ఉంచుకుంటాడు. పాత పద్ధతినే పట్టుకుని ఇచ్చిపుచ్చుకోవడంలోని దిశ మార్చాడు. ఇన్నాళ్లూ ఫోటో మన దగ్గర నుంచి మ్యూజియానికి పోయింది. ఇక్కడ అసలు ఇంటికి పోతుంది, మ్యూజియానికి కాపీ పోతుంది.

ఇదంతా చదివి, మాట్లాడుకుని, మేం చాలా తెలిసినవాళ్లమని అనుకుంటూ ఒక కొలాం గూడేనికి పోయాం. ఒక అవ్వ ఫోటోకు కూర్చుంటానంది. పాత ‘రకం’ ఫోటోను ఒకసారి కాపీ చేసి, తర్వాత మంచి వెలుగులో తీసి, రెండూ పక్కపక్కన పెట్టాలని మా ఆలోచన. మొదట పక్కకు తిరగమన్నాం.

“అటు ఎవరున్నరు?” అని అడిగింది.

ఎవరూ లేరన్నాం.

“ఎవరూ లేని దిక్కు నేనెందుకు చూడాలె బిడ్డా? మీరు మాట్లాడుతున్నరు, మీ దిక్కే చూస్త.”

లాంప్రే పద్ధతి మీద మేం రాయాలనుకున్న విమర్శంతా ఆ ఒక్క మాటలో అయిపోయింది. అక్కడితో ఆగలేదు. ఆమె వెదురు బుట్టలు అల్లుతుంది. సగం అల్లిన బుట్ట చేతిలో పట్టుకొమ్మన్నాం. “పనిల ఉన్నప్పుడు ఫోటో ఏంది? తీరికగ కూసున్నప్పుడు తియ్యి” అని బుట్టను లోపల పెట్టింది. లోపలికి పోయి తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుంది. మాకు లోపల ఎక్కడో కష్టమనిపించింది. పాత చీర, బుట్ట, గోడకు పిడకలు, అదీ మేం కోరుకున్న ఫోటో. కర్టిస్ గడియారం చెరిపినట్టు మేం ప్లాస్టిక్ కుర్చీని చెరపబోయాం. మేం కూడా మా వాళ్లను పాతగా చూడడానికే వచ్చామని అప్పుడు గుర్తించాం. అవ్వ కోరింది రాజు కోరిందే. కుర్చీ, మంచి బట్ట, తీరిక.

ఎల్‌ఈడీ లైటు ఆ రోజు తీయలేదు, గూడెంలో కరెంటు పోయింది. గుమ్మం దగ్గర, గడపకు మూరెడు లోపల కుర్చీ వేశాం. బయటి నుంచి వచ్చే వెలుగు కిటికీ వెలుగంత మెత్తగా ఉంది. నీడవైపు తెల్ల ధోవతి ఒకటి పట్టుకున్నాం, వెనక గొంగడి కట్టాం. కొలత ముఖం మీద తీసుకున్నాం. చెంప ఎముక మీద అదే పొడుగాటి మెరుపు, కంటిపాపలో గుమ్మం ఆకారం. రాజు గాజు గదిలో నేర్చుకున్నది మట్టింటి గడప దగ్గర పనికొచ్చింది.

మా జిల్లాకు పాత ఫోటోలంటే హైమన్‌డార్ఫ్ తీసినవే ఎక్కువమందికి గుర్తొస్తాయి. 1940ల్లో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాశాడు, తీశాడు. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. ఊళ్లో మనుషుల మధ్య ఉండి తీసిన వాటికీ, చట్రం ముందు నిలబెట్టి తీసిన వాటికీ తేడా ఉంది. ఆ తేడాను ఒప్పుకోవాలి. పాత ఫోటోలన్నిటినీ తగలబెట్టాలని మేం అనం. చాలాచోట్ల మా ముత్తాతల ముఖాలు మిగిలింది అందులోనే. కానీ వాటిని చూసేటప్పుడు తెగ పేరు చదివి ఊరుకోవద్దని మాత్రం అంటాం. కంటిలో చుక్క చూడండి. ముక్కు నీడ చూడండి. ఎవరి కోసం తెర జరిగింది, ఎవరి కోసం జరగలేదు చూడండి. రాసిన మాటను విమర్శించడం మనకు అలవాటైంది. వెలుతురును విమర్శించడం కూడా నేర్చుకోవాలి, ఎందుకంటే మన మీద తీర్పులు అక్షరాల్లోనే కాదు, నీడల్లో కూడా రాశారు.

మన పిల్లలు ఫోన్లు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్లకు మేం చెప్పేది ఇంతే. చేతిపని ఎవరి దగ్గరున్నా నేర్చుకోండి, రాజుల ఫోటోల నుంచైనా, దొరల ఫోటోల నుంచైనా. ఎట్లా కూర్చోవాలన్నది మాత్రం కూర్చునే మనిషినే అడగండి. పేరు రాయండి. ఫోటో వాళ్ల చేతికి ఇవ్వండి.

అవ్వ ఫోటోను చట్రం కట్టించి ఇచ్చాం. ముఖం తెల్లగా చేయలేదు. చాలాసేపు చూసుకుంది. గోడకు పెట్టమంటారా అని అడిగితే, “ఇప్పుడెందుకు, నేనున్న కద” అని నవ్వి, బట్టలో చుట్టి పెట్టెలో దాచుకుంది. ఆ గోడ మీదికి అది ఎక్కే రోజు ఎప్పుడొచ్చినా, ఆ ఇంట్లో ఏ పిల్లా “ఈమె ఎవరు?” అని అడగదు.